పురుషోత్తమ చౌదరి

ఇంగ్లండులో థామస్ మోరెల్ అను మతగురువు, హాండెల్ అను సంగీతకర్తకు ఓరటోరియోలనబడు భక్తిగేయ ప్రబంధములను వ్రాసి యిచ్చెను. వేషములు, అభినయము లేక కేవలము గానముచేతనే కథ నడపుట వాని లక్షణము. అందు మొదటిది 1747లో లండనునందు వినిపింపబడెను. తెలుగునాట అట్టి కృషి చేసిన మతగురువు పురుషోత్తమ చౌదరిగారు. అయితే ఆయనకు హాండెల్ వంటి తోడు దొరకలేదు. మాటలను కూర్చినది, రాగతాళములను ఎన్నుకొన్నది తానే.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన వైష్ణవ బ్రాహ్మణ వంశమున జన్మించిరి. తెలుగుతోపాటు సంస్కృతమును, ఓఢ్రభాషను నేర్చిరి. యౌవనమున క్రైస్తవ గ్రంథములు చేతికి రాగా వానిని చదివి, తర్కించి, చాలకాలము మథనపడిరి. ఆ దినములలో బ్రాహ్మణుడు మతము మారుట యన్న, ఇల్లు, పంక్తి, బంధువర్గము సమస్తమును ఒక్కనాడే విడుచుట. 1833లో కటకము వెళ్లి, అచ్చటి ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీల యొద్ద ఆయన బాప్తిస్మము పొందిరి. బంధువులు దూరమైరి. భార్య రాధామణి కొంతకాలమునకు ఆయన మార్గమునే అనుసరించినది.

పిమ్మట ఆయన గురువై ఊరూర బోధించిరి. కులభేదములను విమర్శించుచు కులాచార పరీక్షణము అను గ్రంథమును వ్రాసిరి. నేడు దానిని చదువువారు అరుదు. కీర్తనల సంగతి వేరు. ఆ కాలపు మిషనరీలు తమ దేశపు బాణీలకు తెలుగు మాటలను అతికించెడివారు. ఆ పాటలలో యతి కుదరదు, ప్రాస నిలువదు; వినువారి చెవికి అవి పరాయివిగానే తోచెడివి. చౌదరిగారు త్యాగరాజునకు సమకాలికులు. రామదాసు కీర్తనలు ఊరూర మ్రోగుచున్న దేశమున పెరిగినవారు. పల్లవి, చరణములు గల ఆ దేశీయ రూపమునే ఆయన గ్రహించిరి. బోధకుడు చరణము పాడును. చదువురాని శ్రోతయు పల్లవిని అందుకొనును. కొన్నింట సంస్కృత సమాసములు బరువైన మాట నిజమే. రాగము ఆ బరువును కొంత మోసినది.

ఇట్టి కీర్తనలు నూటికి పైగా రచించి, ఆయన 1890లో మరణించిరి. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను సంకలనమున చేరి, శాఖాభేదము లేక తెలుగు సంఘములన్నిటికిని వ్యాపించెను. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున మెన్నొనైట్ మిషనరీలు పాలమూరు సీమకు వచ్చి నాగర్‌కర్నూలు, వనపర్తి పట్టణములందు సంఘములను నెలకొల్పిరి. ఉత్తరపు సరిహద్దున పుట్టిన ఆ పాటలు కృష్ణాతీరమునకును వచ్చినవి. నేటికిని ఆదివారమునాడు అచ్చటి వృద్ధులు పుస్తకము తెరువకయే పల్లవిని అందుకొందురు.