నేలకు దారి చూపినవాడు

మాది గజపతినగరం. మా పెరట్లో మీటరు గోడ పక్కన ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గొయ్యి ఒకటుంది. వేసవిలో అందులో బిందెడు నీళ్లు పొయ్యమని అమ్మ పోరుతుంటే, ఎందుకీ చాదస్తమని విసుక్కునేవాణ్ణి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితం చదివాక గాని దాని విలువ తెలిసిరాలేదు.

1706లో అమెరికాలోని బోస్టన్‌లో, సబ్బులు, కొవ్వొత్తులు చేసేవారింట పుట్టాడాయన. బడిచదువు రెండేళ్లే. 12వ ఏట అన్నగారి అచ్చాఫీసులో పనికి కుదిరాడు. 1723లో ఫిలడెల్ఫియా చేరి, అచ్చుపనిలోనే నాలుగు డబ్బులు గడించి, నలభయ్యో ఏట విద్యుత్తు వెంట పడ్డాడు. ఇంటికప్పుపై ఇనుపకడ్డీ నిలిపి, దాన్ని ఎక్కడా తెగకుండా తడినేల దాకా దింపితే పిడుగు ఇంటిని వదిలి నేలలోకి పోతుందని లోకానికి చాటాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

1753లో రష్యాలో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు కడ్డీని నేలకు కలపకుండా మేఘాల విద్యుత్తు కొలవబోయి పిడుగుకు బలయ్యాడు. కడ్డీ ఉంది, దారే లేదు!

ఫ్రాంక్లిన్ 1790లో కన్నుమూశాడు.

మొన్న సెలవుల్లో మోటారు ముట్టుకున్న మా తమ్ముడికి జివ్వుమని షాకు కొట్టింది. చూస్తే గొయ్యి దగ్గర ఎర్తు తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది. మెయిను ఆపి, పనివాణ్ణి పిలిపించి, మోటారు, గ్రైండరు, ఇనుప గొట్టాలు అన్నిటినీ ఒకే ఎర్తుకు కలిపించాం. ఇప్పుడు నీళ్లు పోసేది నేనే.

హాస్టల్లో ప్లగ్గు మూడో కాలు విరిచేసే మిత్రులారా! రిచ్‌మన్‌ను ఒక్కసారి తలుచుకోండి.