హకీం అజ్మల్ ఖాన్: మూలికను పరీక్షకు నిలిపిన వైద్యుడు

ఏటా ఫిబ్రవరి 11న దేశంలో యునానీ దినోత్సవం జరుగుతుంది. అది హకీం అజ్మల్ ఖాన్ జన్మదినం. కాంగ్రెస్ అధ్యక్షుడిగా, జామియా మిలియా తొలి ఛాన్సలర్‌గా ఆయన పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. మూలికా వైద్యాన్ని ప్రయోగశాల గడప ఎక్కించాలని ఆయన పట్టిన పట్టు గురించి తెలిసినవారు తక్కువ.

అజ్మల్ ఖాన్ 1868లో ఢిల్లీలో జన్మించారు. మొఘల్ పాదుషాలకు వైద్యం చేసిన వంశం వారిది. బల్లీమారాన్ వీధిలోని షరీఫ్ మంజిల్ వారి ఇల్లు. తండ్రి, అన్నల వద్దే ఆయన వైద్యం అభ్యసించారు. 1892 నుంచి పదేళ్లు రాంపూర్ నవాబు కొలువులో ప్రధాన వైద్యుడిగా ఉన్నారు. నాడి పట్టి రోగం చెప్పడంలో ఆయనకు గొప్ప పేరు. 1908లో ప్రభుత్వం హాజిఖ్-ఉల్-ముల్క్ బిరుదు ఇచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన దాన్ని తిరిగి ఇచ్చివేస్తే, ప్రజలు మసీహ్-ఉల్-ముల్క్ అని పిలుచుకున్నారు.

ఇంత పేరున్న వైద్యుడు పాత గ్రంథాలనే నమ్ముకొని నిశ్చింతగా ఉండవచ్చు. కానీ అప్పటికే గాలి మారుతోంది. పాశ్చాత్య వైద్యం చదివినవారికే గుర్తింపు ఇచ్చే చట్టాలు రాబోతున్నాయి. 1912 నాటి బొంబాయి వైద్య చట్టం అటువంటిదే. 1910లో అజ్మల్ ఖాన్ వైద్యులను, హకీంలను ఒకే వేదిక మీదికి తెచ్చారు. అయితే ఆయన నిరసనతో సరిపెట్టలేదు. 1911లో యూరప్ వెళ్లి లండన్, పారిస్, బెర్లిన్ నగరాల్లోని ఆసుపత్రులను చూసి వచ్చారు. దేశీయ వైద్యం నిలబడాలంటే శరీర నిర్మాణ శాస్త్రం, శస్త్రచికిత్స కూడా నేర్వాలన్నది ఆయన అభిప్రాయం. ఇది కొందరు హకీంలకు రుచించలేదు.

కరోల్ బాగ్‌లో ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలకు 1916 మార్చి 29న వైస్రాయ్ హార్డింజ్ శంకుస్థాపన చేశారు. తన హిందుస్తానీ దవాఖానా ఆదాయాన్ని అజ్మల్ ఖాన్ ఆ కళాశాలకే ధారపోశారు. 1921 ఫిబ్రవరి 13న దాన్ని ప్రారంభించినవారు గాంధీజీ.

వైద్యం పేరిట జంతువులను కోయడాన్ని గాంధీజీ 1909 నాటి హింద్ స్వరాజ్‌లోనే తీవ్రంగా ఖండించారు. అయినా ఆ ప్రారంభోత్సవంలో ఆయన ఆధునిక శాస్త్రవేత్తల పరిశోధనా తపనను మెచ్చుకొని, మన వైద్యులలో, హకీంలలో ఆ తపన కొరవడిందని నిర్మొహమాటంగా చెప్పారు. పిలిచి పీట వేసిన ఇంట్లోనే అన్న మాట అది. కానీ పరిశోధన అంటే ఏమిటి? మూలికలో విషమెంతో, గుణమెంతో తెలియాలంటే ముందుగా ఏదో ఒక ప్రాణి మీద చూడాలి. లేదా తెలియకుండానే రోగికి ఇవ్వాలి. ఈ చిక్కుముడికి ఆనాడు సులువైన జవాబు లేదు.

అజ్మల్ ఖాన్ పరిశోధన వైపే మొగ్గారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన యువకుడు సలీముజ్జమాన్ సిద్దీఖీ, ఆయన మార్గదర్శకత్వంలోనే ఢిల్లీలో తిబ్బి పరిశోధనా సంస్థకు రూపకల్పన చేశారు. ఫలితం చూసే అదృష్టం మాత్రం హకీంకు దక్కలేదు. 1927 డిసెంబర్ 29న ఆయన కన్నుమూశారు.

సిద్దీఖీ సర్పగంధి వేరును ఎన్నుకున్నారు. ఉన్మాదానికి, నిద్రలేమికి, పాముకాటుకు పల్లె వైద్యులు తరతరాలుగా వాడిన వేరది. 1931లో దాని నుంచి ఐదు ఆల్కలాయిడ్లను వేరు చేశారు. వాటిని కప్పల మీద ప్రయోగించినప్పుడు ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. ఒక వర్గం పదార్థాలు గుండెను, శ్వాసను, నాడులను మూడింటినీ మందగింపజేశాయి. రెండో వర్గం శ్వాసను స్తంభింపజేసింది, నాడులను మందగింపజేసింది, గుండెను మాత్రం ఉత్తేజపరిచింది. ఒకే వేరులో గుండెపై పరస్పర విరుద్ధంగా పనిచేసే గుణాలు! కషాయం కాచి గ్లాసుతో తాగించే పద్ధతిలో ఈ తేడా ఎన్నటికీ తెలిసేది కాదు. మొదటి వర్గానికి సిద్దీఖీ తన మార్గదర్శి పేరు కలిసేలా అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్ అని పేర్లు పెట్టారు.

అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ప్రకటించారు. 1933లో రామ్‌నాథ్ చోప్రా బృందం జంతువులపై పరీక్షలు జరిపి రక్తపోటు పడిపోవడాన్ని గమనించింది. స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా సంస్థ శాస్త్రవేత్తలు 1952లో ఇదే వేరు నుంచి రెసర్పిన్‌ను వేరు చేయగా, అది ప్రపంచమంతటా రక్తపోటు మందుగా చెలామణీ అయింది. కొందరు రోగులు దాని వల్ల తీవ్రమైన దిగులులో కూరుకుపోయారు. ఆ దిగులు కప్పలో కనిపించేది కాదు. జంతు పరీక్షకు ఉన్న హద్దు అది. మెరుగైన మందులు వచ్చాక దాని వాడకం బాగా తగ్గింది.

అజ్మలీన్ మాత్రం నేటికీ కొన్ని దేశాల ఆసుపత్రుల్లో ఉంది. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ హఠాత్తుగా గుండె ఆగిపోయే ప్రమాదమున్న బ్రుగాడా వ్యాధిని బయటపెట్టడానికి, ఈసీజీ తీస్తూ, వైద్యుల పర్యవేక్షణలో కొద్ది మోతాదు నరం ద్వారా ఎక్కిస్తారు.