కోఠీ కట్టించిన దొర

మా బోథ్ ప్రాంతమునుండి చదువుకై హైదరాబాదు వెళ్ళు విద్యార్థులలో కోఠీ పేరెరుగనివారుండరు. ఆ పేటకా పేరు తెచ్చిన పాత రెసిడెన్సీ మేడ నేటి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నున్నది. దానిని కట్టించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్.

అతడు 1764లో మద్రాసున జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ సేనాని. సవతియన్న విలియం నిజాము కొలువులో కంపెనీ రెసిడెంటు. వర్తకమను పేర వచ్చి సీమలకు సీమలే కాజేసిన కంపెనీని ఒక దోపిడి యిల్లని తలచినచో, జేమ్సు ఆ యింటి వారసుడే. అన్న అనారోగ్యముచే తప్పుకొనగా, 1798లో ఆ పదవి తమ్మునికి సంక్రమించెను.

ఇంటి పనిని అతడు చక్కగనే నెరవేర్చెను. ఆ సెప్టెంబరులో నిజాముతో సంధి. అక్టోబరులో, రేమండు పెంచిన ఫ్రెంచి దళమును రక్తపాతము లేకుండ నిరాయుధము చేయుట. 1800లో మరియొక సంధి. దానితోనే బళ్ళారి, కడప సీమలు కంపెనీ పరమై దత్తమండలములైనవి. పాఠ్యపుస్తకములలో మన పిల్లలు వల్లించు ఆ సంధి జరుగునాటికే దానిని కుదిర్చిన దొర హృదయము నగరమున నొక అంతఃపురమున చిక్కుకొని యుండెను.

ఆమె ఖైరున్నీసా. కంపెనీ సైన్యమునకు బక్షీయైన బాకరలీ ఖాను మనుమరాలు, నిజాము మంత్రాంగమున ప్రముఖుడైన మీర్ ఆలమునకు బంధువు. సయ్యదుల యింటి కన్య. అన్యమతస్థుని వరించుట యటుండగా, అప్పటికే మరియొకరికి నిశ్చయింపబడినది. సోదరి పెండ్లిలో తెరచాటునుండి జేమ్సును చూచి తానే ముందుగా మనసిచ్చెనట. తాను మొదట వారింపజూచితినని జేమ్సు అన్నకు వ్రాసికొనెను. నమ్మదగినదే కావచ్చును, కాని అన్నకతడు మొదట నిజమంతయు చెప్పలేదన్నదియు నిజము.

చివరకు ఇస్లాము స్వీకరించి ఆమెను నిఖా చేసికొనెను. 1801 మార్చిలో కుమారుడు, మరుసటి ఏప్రిలులో కుమార్తె జన్మించిరి. గవర్నరు జనరలు వెల్లస్లీ రెండు మారులు విచారణ జరిపించెను. పెండ్లికి ముందే బిడ్డలను కన్న ఆ ప్రభువు మరియొకని వలపుపై తీర్పరియగుట చిత్రము. శత్రువులు పుట్టించిన పుకార్లు నిలువలేదు; పదవి దక్కెను. కాని వెల్లస్లీ రాజ్యదాహముపై అతని మనసు నానాటికి విరిగెను. తాను కోసి తెచ్చిన పంట యెవరి గాదెలు నింపుచున్నదో తెలిసికొన్నవాడు సుఖముగా నుండగలడా? ఆయినను కొలువు విడువలేదు. నిజాము ధనముతో ఈ మేడ లేపుట ఆ దినములలోనిదే.

ఆ లోకపు కట్టడి చివరకు బిడ్డలపై పడెను. దొరల బిడ్డలు దొరలుగా పెరుగవలెనన్నచో చిన్ననాడే ఇంగ్లండుకు పోవలెను. 1805లో నాలుగేండ్ల బాలుని, మూడేండ్ల బాలికను మద్రాసులో ఓడనెక్కించిరి. అంతకుముందు చిత్రకారుడు చిన్నరీ వారిని ముసల్మాను దుస్తులలో చిత్రించెను. రోగగ్రస్తుడైన జేమ్సు కొత్త గవర్నరు జనరలును కలియుటకై కలకత్తాకు పోయి, అక్టోబరు 15న నలుబది యొకటవ యేట మరణించెను. మరుసటి యేడు మార్చిలో లండనులో బిడ్డలకు బాప్తిస్మమిచ్చి విలియం జార్జి, కేథరీను అరోరా అని పేరులు మార్చిరి.

ఖైరున్నీసా భర్త సమాధిని చూడ కలకత్తా వెళ్ళెను. అక్కడ భర్త సహాయకుడైన హెన్రీ రస్సెలు ఆమెను చేరదీసి, పిదప విడిచెను. ఆమె కొంతకాలము మచిలీపట్నమున ప్రవాసముండి, 1813లో హైదరాబాదున ఇరువదియేడేండ్ల ప్రాయమున కన్ను మూసెను. పోయిన బిడ్డలను మరల చూడనేలేదు.

కిట్టీ యని పిలువబడిన కుమార్తె ఇంగ్లండులోనే పెరిగి, తల్లి గతించిన యెన్నో యేండ్లకు, 1840 ప్రాంతమున, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా యింకను జీవించియున్నదని తెలిసికొని ఉత్తరములు వ్రాయసాగెను. ఒకరి భాష మరియొకరికి రాదు. అనువాదములతో ఆ ఉత్తరములు సముద్రములు దాటి యటునిటు నడచినవి. అమ్మమ్మా మనుమరాలూ కలిసికొనకయే వృద్ధురాలు 1847లో గతించినది.