‘ఇమ్రోజ్’ షోయబుల్లా ఖాన్

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోను, అశోక్‌నగర్ శిక్షణాలయాలలోను పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులలో షోయబుల్లా ఖాన్ పేరు విననివారుండరు. ఇమ్రోజ్ పత్రికాసంపాదకుడెవరన్న ఒక మార్కు ప్రశ్నకు ఆయన సమాధానం. పేరు కంఠస్థమైనంతగా ఆ మనిషి పరిచయం కాలేదని మాకు తోస్తుంది. ఆ గ్రంథాలయం నుండి నారాయణగూడ, బర్కత్‌పురాల మీదుగా నడిచిపోదగిన దూరంలోనే కాచిగూడ లింగంపల్లి చౌరస్తా ఉంది. ఆయన పనిచేసిన వీధులూ, నెత్తురోడ్చిన వీధీ ఆ ప్రాంతంలోనివే.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో ఆనాటి వరంగల్లు జిల్లాలోని సుబ్లేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. చుట్టూ తెలుగు, ఇంట ఉర్దూ. మన విద్యార్థులలో పలువురి బాల్యం వంటిదే ఆయన బాల్యమూను. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టం పొందారు. ఆ రోజులలో ఉస్మానియా పట్టభద్రుడైన ముస్లిం యువకునికి సర్కారు కొలువు దొరకడం పెద్ద కష్టం కాదు. ఆయన ఆ దారి పట్టక ‘తేజ్’ పత్రికలో చేరారు. అది నిషేధానికి గురికాగా, మందుముల నరసింగరావుగారు నడిపిన ‘రయ్యత్’లో ఉపసంపాదకులయ్యారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. కొంతకాలానికి ఆ పత్రికనూ ప్రభుత్వం మూయించింది. మూతపడిన రెండు పత్రికల అనుభవమే ఆయనకు వృత్తివిద్య అయింది.

ఇక్కడ కథను ఆపి ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. సాయుధులు రాత్రికి రాత్రి ప్రభుత్వాన్ని చేజిక్కించుకోవడం లాటిన్ అమెరికాలోనో, ఆఫ్రికాలోనో మాత్రమే జరుగుతుందని మనం అనుకుంటాం. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున హైదరాబాదులో జరిగినది దానికి దగ్గరి చుట్టమే. భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడికకు ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీకి బయలుదేరవలసి ఉంది. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ గుంపులు వారి ఇండ్లను చుట్టుముట్టి ప్రయాణం ఆపివేసినవి. నిజాము మనసు మార్చుకొన్నాడు. ఛత్తారీ రాజీనామా ఇచ్చి వెళ్ళిపోగా, కొద్ది వారాలలో మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. గద్దె మీద నిజామే ఉన్నా, పగ్గాలు రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ చేతికి చిక్కాయి.

మూడు వారాలు తిరగక ముందే, నవంబరు 15న, ‘ఇమ్రోజ్’ మొదటి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే నేడు. ఇంటి ఆడవారి నగలు అమ్మి ఆయన పెట్టుబడి సమకూర్చుకొన్నారు. బూర్గుల రామకృష్ణారావుగారు తోడ్పడ్డారు. కాచిగూడలో కార్యాలయం ఏర్పడింది. అప్పటికాయనకు ఇరవై ఏడేండ్లు.

అది ఎటువంటి కాలమో నేటి యువకులు ఊహించడం కష్టం. స్టేట్ కాంగ్రెస్ అధ్యక్షులు స్వామి రామానంద తీర్థ నిర్బంధానికి గురయ్యారు. విద్యార్థులు చదువులు మాని ఉద్యమంలో దిగారు. న్యాయవాదులు కోర్టులను బహిష్కరించారు. పల్లెలలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం సాగుతున్నది. డిసెంబరు 4న కింగ్ కోఠీ సమీపంలో నిజాము కారుపై నారాయణరావు పవార్ బాంబు విసిరాడు. నారాయణగూడ వాసులకు అది పొరుగువీధి వార్త. 1948 వచ్చేసరికి సరిహద్దుల దిగ్బంధంతో పెట్రోలు, మందులు కరువయ్యాయి. పెట్టే బేడా సర్దుకొని బెజవాడకో, షోలాపురానికో పోయే కుటుంబాలు రైళ్ళకెక్కుతుంటే, ఇతర రాష్ట్రాల నుండి తరిమివేయబడిన ముస్లిం శరణార్థులు దిగుతూ ఉండేవారు. ఎక్కేవారిలోను, దిగేవారిలోను ఉన్నది ఒకే భయం.

ఇంతటి కల్లోలంలో షోయబుల్లా ఖాన్ చేసిన పని పైకి చూడడానికి చాలా మామూలుది. వార్తలు సేకరించడం, సంపాదకీయం వ్రాయడం, కాతిబుకు అందించడం. అచ్చు అక్షరాల కూర్పు ఆనాటి ఉర్దూ పత్రికలకు దాదాపు లేదు. కాతిబు ప్రతి అక్షరమూ కలంతో చేవ్రాతగా వ్రాయాలి. ఆ వ్రాతను రాతి పలకకెక్కించి అచ్చు వేయాలి. పొద్దుపోయి వచ్చిన వార్త ఒకటి చేర్చాలంటే పుటలో చోటు చూచి మళ్ళీ వ్రాయాలి. కనుక సంపాదకునికి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. దినపత్రిక పని అది. ఏ రోజూ ఎగగొట్టడానికి వీలులేనిది.

ఉద్యమంలోని తక్కినవారికి, ఆయనకు ఉన్న తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. అజ్ఞాతంలో ఉన్న కార్యకర్త రోజుకొక ఇంట తలదాచుకోగలడు, పేరు మార్చుకోగలడు, సరిహద్దు దాటి శిబిరం చేరగలడు. దినపత్రిక దాగలేదు. తెల్లవారితే అది చాయ్‌ఖానా బల్ల మీద ఉండాలి. సంపాదకుని పేరు అందరికీ తెలిసినదే, కార్యాలయం తెలిసినదే, ఆయన ఇంటికి పోయే వేళ తెలిసినదే. హెచ్చరికలు, బెదిరింపులు వచ్చినా ఆయన వేళ మార్చుకోలేదు. మార్చుకొంటే మరుసటి దినం పత్రిక ఉండదు.

ఆయన ఏమి వ్రాశారు? హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలనీ, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడాలనీ, హిందూ ముస్లిములు కలసి బ్రతకాలనీ వ్రాశారు. పగలు ఒక ప్రభుత్వమూ, రాత్రి మరొక ప్రభుత్వమూ రాజ్యమేలుతున్నాయని పేరు పెట్టి చెప్పారు. ఇవే మాటలు తెలుగులోనో, ఇంగ్లీషులోనో వచ్చి ఉంటే రజాకార్లు శత్రువు ప్రచారమని త్రోసివేసేవారు. ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుని కలం నుండి వచ్చేసరికి అవి వారి మూలానికే తగిలినవి. ముస్లిములందరూ మా వెంట ఉన్నారన్నది రజ్వీ రాజకీయానికి ఏకైక పెట్టుబడి. ఇమ్రోజ్ ప్రతి ఉదయమూ అది అబద్ధమని రుజువు చేస్తున్నది. ఉర్దూ నిజాము పాలకుల భాష అని మాత్రమే తలచేవారు ఈ సంగతి గుర్తించవలసి ఉన్నది.

ఆయన ఒంటరివాడు కాడు. కొన్ని గ్రంథాలలో ఆయనను ఏకైక మినహాయింపుగా చిత్రించడం చూచి మాకు బాధ కలుగుతుంది. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు, రజాకార్ల దళాలను రద్దుచేయాలనీ, భారత యూనియన్‌లో చేరాలనీ నిజామును కోరుతూ ప్రకటన చేశారు. ముల్లా అబ్దుల్ బాసిత్, రెవిన్యూ ఉద్యోగం వదలుకొన్న ఫరీద్ మిర్జా వారిలోనివారు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించింది. ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సభలో రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయగలమని బెదిరించాడు. అలంకారంగా అన్నమాట అని ఎవరైనా అనుకొన్నారేమో, రెండు దినాలలో తేలిపోయింది.

ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలసి షోయబుల్లా ఖాన్ ఇంటికి నడుస్తున్నారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర వెనుక నుండి తుపాకులు పేలాయి. పడిపోయిన మనిషి కుడిచేతిని కత్తితో నరికారు. అడ్డుపోయిన ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగింది. ఇల్లు అక్కడికి దగ్గరే. చప్పుడు విని ఇంటివారు పరుగెత్తి వచ్చారు. తెల్లవారి, ఆగస్టు 22న, ఆయన కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేండ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. గోషామహల్‌లో ఖననం జరిగింది.

ఆ తరువాత ఇరవై రెండు దినాలకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం సరిహద్దు దాటింది. 17న నిజాము లొంగిపోయాడు. ఇమ్రోజ్ కోరిన విలీనం జరిగింది. ఆయన కోరిన సామరస్యం మాత్రం వెంటనే రాలేదు. రజాకార్ల దురాగతాలకు ప్రతీకారమంటూ మరాఠ్వాడాలోను, ఇతర జిల్లాలలోను ఏ పాపమెరుగని ముస్లిములు హతులయ్యారు. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ముస్లిములను కాపాడుతామన్న రజ్వీ రాజకీయం ముస్లిం పేదలకు ఏమి తెచ్చిపెట్టిందో ఈ అంకెలు చెబుతాయి. రజ్వీ బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాను వెళ్ళిపోయాడు.

ఇస్మాయిల్ ఖాన్ బ్రతికారు. తెగిన చేయితోనే తక్కిన జీవితం గడిపారు.