మాయకు లెక్క కట్టిన దర్శకుడు – కె.వి.రెడ్డి

పావగడ తాలూకాలో నాగలమడికె ఒడ్డును ఒరసుకొని పారే ఉత్తర పినాకిని, ఆంధ్రదేశంలో పెన్న అన్న పేరుతో సాగి తాడిపత్రిని చేరుతుంది. వానలు మొగం చాటేసిన ఏళ్ళలో రెండుచోట్లా కనిపించేది ఇసుకే. కాబట్టి బలసముద్రం వారికి తాడిపత్రి పరాయి ఊరు కాదు. రాష్ట్రం వేరైనా నది ఒకటే, నోట పలికే తెలుగూ ఒకటే. ఆ తాడిపత్రి ప్రాంతంలో 1912 జూలై 1వ తేదీన జన్మించిన కదిరి వెంకటరెడ్డి గారే, కె.వి.రెడ్డి అన్న పేరుతో తెలుగువారి చేత తెర మీద పాతాళాన్నీ ద్వారకనూ చూపించిన దర్శకులు.

పట్టభద్రులైన పిల్లలు నేడు చలనచిత్రాలకు, టెలివిజన్‌కు కావలసిన స్పెషల్ ఎఫెక్ట్స్‌లో స్నాతకోత్తర విద్య చదువుతామని అడుగుతున్నారు. సినిమా చదువు కూడా ఒక చదువేనా అని తల్లిదండ్రులు సందేహించడం సహజమే. అయితే ఆ విద్యలో బోధించే సంగతులు చాలావరకు, బోధించే కళాశాల మన దేశంలో ఏర్పడక పూర్వమే, మద్రాసు స్టూడియోలలో చేతితో చేసి చూపినవే. ఆ చేతులకు దారి చూపిన వారిలో కె.వి.రెడ్డి గారిది అగ్రస్థానం.

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని మేనమామల ఇంట పెరిగిన ఆయన, తాడిపత్రిలో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎస్సీ. పూర్తిచేశారు. విజ్ఞానశాస్త్ర పట్టం పుచ్చుకొన్న యువకుడికి చిత్రసీమలో మొదట దొరికిన పని కెమెరా పక్కన కాదు, గల్లాపెట్టె పక్కన. బాల్యమిత్రులైన మూలా నారాయణస్వామి గారు, బి.ఎన్.రెడ్డి గారు కలసి నడిపిన వాహినీ సంస్థలో ఆయన క్యాషియరుగా చేరారు. వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రాలు తయారవుతున్నప్పుడు పద్దులు వ్రాస్తూనే, ఒక్కొక్క దృశ్యానికి ఎన్ని అడుగుల ఫిల్ము ఖర్చవుతున్నది, అందులో ఎన్ని అడుగులు వృథా అవుతున్నవి అన్నది ఆయన గమనించగలిగారు. లెక్కల పుస్తకం నుండి దర్శకత్వానికి నడచినవారు అరుదు. ఆ పుస్తకం నేర్పిన క్రమశిక్షణను ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు.

1943లో విడుదలైన భక్త పోతనతో ఆయన దర్శకులైనారు. పోతనగా చిత్తూరు వి. నాగయ్య గారు నటించారు. 1947లో యోగి వేమన, 1949లో గుణసుందరి కథ వచ్చాయి. షేక్‌స్పియరు లియర్ రాజు కథకు తెలుగు జానపద వేషం వేసిన గుణసుందరి కథలోనే పింగళి నాగేంద్రరావు గారి కలం, కె.వి.రెడ్డి గారి ఊహ ఒకదానికొకటి తోడైనవి. ఆ జంట విజయా సంస్థకు 1951లో పాతాళభైరవిని సమకూర్చింది. 1952 జనవరిలో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించిన దక్షిణాది చిత్రం అదొక్కటే.

ఈ చిత్రాలలోని మాయలు ఎలా పుట్టాయో తెలుసుకొనడం విద్యార్థులకు ఉపయోగకరం. కంప్యూటరు లేని ఆ రోజులలో ఇంద్రజాలం అంతా కెమెరా లోపలనే జరగాలి. కెమెరాలో ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఒకే నటుడిని ఒకే దృశ్యంలో రెండుచోట్ల చూపాలంటే కటకం ముందు నల్లని మాస్కుతో సగభాగం మూసి, మిగిలిన సగంలో నటుణ్ణి చిత్రించాలి. తరువాత ఫిల్మును మొదలుపెట్టిన ఫ్రేము వరకు సరిగ్గా వెనుకకు త్రిప్పి, మాస్కును రెండవవైపుకు మార్చి, అదే నటుణ్ణి మరొకచోట నిలబెట్టి మళ్ళీ చిత్రించాలి. ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదిలినా, దీపం వెలుగు మారినా, నటుడు గీత దాటినా మొత్తం పాడైపోతుంది. పాడైన సంగతి అప్పటికప్పుడు తెలియదు కూడా. ల్యాబొరేటరీలో ఫిల్ము కడిగిన తరువాతనే తెలుస్తుంది. అంతవరకు పడిన శ్రమ, ఫిల్ము, నటుల సమయం మట్టిలో కలసినట్లే.

ఇటువంటి పనికి ధైర్యం ఒక్కటే చాలదు, ముందస్తు లెక్క కావాలి. కె.వి.రెడ్డి గారు అక్కడే తక్కినవారికన్నా భిన్నంగా నిలిచారు. స్క్రీన్‌ప్లే పూర్తిగా సిద్ధమై, ఒక్క మాటైనా మార్చనవసరం లేదని నమ్మకం కుదిరిన తరువాతనే ఆయన షూటింగుకు వెళ్ళేవారు. నటుల చేత సంభాషణలు చెప్పించి, స్టాప్ వాచీ పట్టుకొని ఒక్కొక్క దృశ్యం ఎన్ని సెకన్లు పట్టునో ముందే కొలుచుకొనేవారు. చిత్రం నిడివి ఆయనకు తీయకముందే తెలిసేది. కెమెరా పట్టినవారు మార్కస్ బార్ట్‌లీ గారు. ఆంగ్లో ఇండియన్ అయిన ఆ ఛాయాగ్రాహకులకు తెలుగు పురాణగాథలు పుట్టుకతో వచ్చినవి కావు. అయినా తెలుగువారి ఊహలోని వెన్నెలను ఆయనంత అందంగా పట్టుకొన్నవారు తక్కువ.

1957 మార్చి 27వ తేదీన మాయాబజార్ విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మించిన ఆ చిత్రానికి షూటింగుకు ముందటి సన్నాహమే దాదాపు ఏడాది పట్టింది. ద్వారకా నగరాన్ని చూపడానికి 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలంలో సుమారు 300 చిన్నచిన్న ఇళ్ళను కట్టారు. కళాదర్శకత్వం మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లది. ఆ బొమ్మరిళ్ళలో ప్రతి ఒక్కదానిలో విద్యుద్దీపం వెలగాలని పట్టుబట్టడంలో శాస్త్రం ఉన్నది. దూరపు నగరాన్ని కన్ను గుర్తుపట్టేది గోడల వల్ల కాదు, కిటికీలలోని వెలుగు వల్ల. ఘటోత్కచుని నోటిలోకి లడ్డూలు వాటంతటవే వెళ్ళే దృశ్యం తెరపై కొద్ది క్షణాలే. తీయడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఎస్.వి.రంగారావు గారు ఒకే గాంభీర్యంతో నోరు తెరిచి ఉండవలసి వచ్చిందని తలచుకొంటే నవ్వు, గౌరవం ఒకేసారి కలుగుతాయి. పడవ విహారంలోని వెన్నెల దీపాలతోను, కటకపు నేర్పుతోను కల్పించినది. ఇక శశిరేఖ తన ప్రియుణ్ణి చూసుకొనే ప్రియదర్శిని పేటిక ఉన్నదే, అది దాదాపు టెలివిజనే. ఆ చిత్రం విడుదలైన నాటికి మన దేశంలో టెలివిజన్ లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం ఆరంభమైనది 1959 సెప్టెంబరు 15న.

అయితే కె.వి.రెడ్డి గారి చిత్రాలలో ఎక్కడా మాయ కోసం మాయ లేదు. కౌరవుల డాంబికాన్ని బయటపెట్టడానికే మాయాబజారు వెలిసింది. కూర్చున్నవారిని దొర్లించే మంచం అయినా హాస్యానికో కథకో పనికివచ్చినదే. మాయలేని కథలనూ ఆయన అంతే శ్రద్ధతో తీశారు. సమాజంలోని పెద్దమనుషుల ముసుగు తొలగించిన పెద్దమనుషులు (1954) జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా గౌరవం పొందింది. అన్నపూర్ణా సంస్థ తొలి చిత్రమైన దొంగరాముడు (1955) పూణె ఫిల్ము ఇన్‌స్టిట్యూట్‌లో పాఠ్యాంశమైంది. ఆ సంస్థ ఏర్పడినది 1960లో. తాను ఏ చలనచిత్ర కళాశాలలోనూ చదవని దర్శకుని చిత్రం అక్కడి విద్యార్థులకు పాఠం కావడం విశేషమే.

ఆయన వద్ద సహాయకులుగా పనిచేసిన వారికి ఆ యూనిట్టే స్నాతకోత్తర కళాశాల. మాయాబజార్‌కు సహాయకులుగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు గారు తరువాతి కాలంలో మాటలు లేని పుష్పకవిమానం (1987), కాలయంత్రం కథ అయిన ఆదిత్య 369 (1991), జానపద చిత్రం భైరవద్వీపం (1994) తీశారు. ఈ మూడింటిని చూచినవారికి గురువు ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో ఎన్.టి.రామారావు గారు ఒకే దృశ్యంలో గాయకుడుగాను, వాద్యకారులుగాను కనిపించే ఘట్టం మాస్కు విద్యకు పరాకాష్ఠ. అదే సంవత్సరం సీతారామ కల్యాణంలో రవికాంత్ నగాయిచ్ గారు రావణుని పది తలలను కెమెరాలోనే చూపించారు. ఆ ఏడాది తెలుగు చిత్రాల ట్రిక్ ఫోటోగ్రఫీకి పండుగ వంటిది.

ఆ తరువాతి కథ అంత సుఖంగా సాగలేదు. 1965లో ఆయన తీసిన సత్యహరిశ్చంద్ర తెలుగులో నిరాశపరచింది. అదే కథ అదే సంవత్సరం హుణసూరు కృష్ణమూర్తి గారి దర్శకత్వంలో, రాజకుమార్ గారు హరిశ్చంద్రుడుగా కన్నడంలో రాగా కర్ణాటక ప్రజలు దానిని గుండెలకు హత్తుకొన్నారు. నిర్మాత కె.వి.రెడ్డి గారే. ఒకే మనిషికి ఒకే కథ ఒక భాషలో ఓటమిని, మరొక భాషలో గెలుపును తెచ్చిపెట్టింది. రెండు భాషలూ వినిపించే పావగడ సీమవారికి ఈ వింత బాగా అర్థమవుతుంది. 1968లో వచ్చిన ఉమాచండీగౌరీశంకరుల కథ, భాగ్యచక్రం కూడా ఆశించిన ఆదరణ పొందలేదు. ఏళ్ళ తరబడి సాగిన విజయా సంస్థ అనుబంధం ముగిసింది. పాతాళభైరవితో గొప్ప పేరు తెచ్చుకొన్న రామారావు గారు, ఆయన దశ తిరిగినప్పుడు ముఖం తిప్పుకొనలేదు. శ్రీకృష్ణసత్య (1971) దర్శకత్వాన్ని ఆయనకే అప్పగించారు. అదే ఆయన చివరి చిత్రం. సుమారు మూడు దశాబ్దాలలో ఆయన తీసినవి పధ్నాలుగు చిత్రాలు మాత్రమే.

1972 సెప్టెంబరు 15వ తేదీన, అరవై ఏళ్ళ వయస్సులో కె.వి.రెడ్డి గారు కన్నుమూశారు. 2008లో కన్నడ సత్యహరిశ్చంద్రకు, 2010లో మాయాబజార్‌కు కంప్యూటర్ల సహాయంతో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. ఆ పనిచేసిన యువ సాంకేతికులు సెకనుకు 24 చొప్పున ఒక్కొక్క ఫ్రేమును విడివిడిగా పరిశీలించవలసి వచ్చింది.