ఐరన్ గోలీ వెనుక ఓ తెలుగు జీవితం

తిన్న ముద్ద గొంతు దిగాక దాని సంగతి మనం మరిచిపోతాం. అక్కడినుంచి పేగు చివరిదాకా దాన్ని నెట్టుకుపోయేది కండరాలే. ముద్ద దిగక, కారణం దొరక్కపోతే డాక్టర్లు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి ఆ కండరాల ఒత్తిడి కొలుస్తారు. ఈ పరీక్ష పేరు మానోమెట్రీ. మరి కండరానికి ముడుచుకునే శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్లలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి పారిపోయారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు దొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువుకు డబ్బు సర్దింది మామగారే.

ఆ రోజుల్లోనే ఇద్దరు తోడబుట్టినవాళ్లు రోజుల తేడాతో పోయారు. జబ్బు స్ప్రూ. పేగులు పాడై తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలతో, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమవుతాడు.

1922లో భార్యను పుట్టింటివాళ్లకు అప్పగించి అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో రాత్రుళ్లు ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. కొడుకు పుట్టాడన్న కబురూ, పసితనంలోనే పోయాడన్న కబురూ అక్కడే విన్నారు.

ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాని ఆధారంగానే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. జర్మనీలో లోమన్ కూడా ఆ ఏడే ఎ.టి.పి.ని కనుక్కున్నాడు. చేతి కండరమైనా, పేగు కండరమైనా ముడుచుకోవడానికి ఖర్చుపెట్టేది ఈ ఎ.టి.పి.నే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తోడబుట్టినవాళ్లను పొట్టన పెట్టుకున్న స్ప్రూ రోగులకు అది మేలుచేసింది. కాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకిచ్చే డి.ఇ.సి. కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. మన కరీంనగర్ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన గోలీలు ఆ డి.ఇ.సి.వే. ఆదిలాబాద్ గూడేల్లో గర్భిణులకు నర్సమ్మ ఇచ్చే ఐరన్ గోలీలో ఇనుముతోపాటు ఉండేది ఫోలిక్ ఆమ్లమే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే, న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. మళ్లీ ఇండియా గడప తొక్కనేలేదు. ఇక్కడ శేషగిరి ఇరవై ఆరేళ్లు ఎదురుచూసింది.

ఆయన పేరిట 1995లో తపాలా బిళ్ల వచ్చింది. శేషగిరి పేరు తెలిసినవాళ్లు తక్కువ. వాంతి వస్తోందనో, రుచి బాగాలేదనో ఆ గోలీని పారేసే ముందు ఒక్కసారి వాళ్లిద్దర్నీ తలచుకుందాం. ఆ గోలీ ఖరీదులో ఆమె జీవితం కూడా ఉంది.