నాన్నకిచ్చిన మాట – డాక్టర్ తాలిమెరెన్ ఆవో

ప్రతి సాయంత్రం మన హాస్టల్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకటి బంతి పార్టీ, రెండోది పుస్తకం పార్టీ. స్టడీ అవర్ బెల్లు కొట్టినా గ్రౌండు వదలని వాళ్ళను చూసి చెడిపోతున్నారని కొందరంటారు. ఎప్పుడూ ట్రంకుపెట్టె ముందేసుకుని చదివే వాళ్ళను చూసి వీళ్ళకు ఆట చేతకాదని మిగతావాళ్ళు నవ్వుతారు. మా సీనియర్లలో ఆట కోసం ఇంటర్ మధ్యలోనే మానేసిన వాళ్ళున్నారు. చదువు కోసం బంతి ముట్టుకోవడం మానేసి, ఇవాళ్టికీ ఆ బాధ చెప్పుకునే వాళ్ళూ ఉన్నారు. ఈ తగవు తీర్చగల మనిషి జీవితం ఒకటి ఈ సంచికలో మీ ముందు పెడదామనుకున్నాం. ఆయనే స్వతంత్ర భారతదేశపు మొదటి ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ డాక్టర్ తాలిమెరెన్ ఆవో. ఫుట్‌బాల్ లోకం ఆయనను టి.ఆవో అని పిలుచుకుంది.

ఆవో 1918 జనవరి 28న చాంకి అనే కొండ ఊళ్ళో పుట్టారు. ఇప్పుడది నాగాలాండ్ రాష్ట్రంలో ఉంది. అప్పట్లో నాగా కొండలు అస్సాం కింద ఉండేవి. ఆయన ఆవో నాగా తెగకు చెందినవారు. తండ్రి చర్చి పాస్టరు. ఇంటినిండా పిల్లలు. కొన్న బంతి ఎక్కడిది? గుడ్డపీలికలు చుట్టి కట్టిన ఉండే వాళ్ళకు బంతి. మనలో చాలామంది ఊళ్ళో ఆడిన బంతి కూడా అలాంటిదే కదా!

ఇంపుర్‌లోని మిషన్ స్కూల్లో ఆయన చదువు మొదలైంది. ఆ తర్వాత పై చదువుల కోసం ఇల్లు వదిలి జోర్హాట్‌కు, అక్కణ్ణుంచి గౌహతిలోని కాటన్ కాలేజీకి వెళ్ళారు. చదువు కోసం కొండ దిగి, తన భాష మాట్లాడేవాళ్ళు అరుదుగా దొరికే ఊళ్ళో ఉండటం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హాస్టల్లో మొదటి రాత్రి మనం ఎలా గడిపామో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆ కొత్తచోట ఆయనకు స్నేహితులను తెచ్చిపెట్టింది ఆటే. గౌహతిలో మహారాణా క్లబ్బు తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు.

1935లో తండ్రి టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు. అప్పటికి ఆవోకు పదిహేడేళ్ళు. కొడుకు డాక్టరై, తిరిగొచ్చి తన జనానికి వైద్యం చేయాలన్నది ఆ తండ్రి కోరిక. ఆవో మాట ఇచ్చారు. ఆనాడు ఆ కొండల్లో టైఫాయిడ్ వస్తే చూసే డాక్టర్లు చాలా తక్కువ. ఆ మాట విలువ తెలియాలంటే ఇది గుర్తుంచుకోవాలి. తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్నవాళ్ళు మన హాస్టల్లోనూ ఉన్నారు. ఈ సంగతి చదువుతున్నప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

1942లో ఆయనకు కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. 1948 నుంచి అదే ఆర్.జి.కర్ మెడికల్ కాలేజీ అయింది. మరుసటి ఏడాది, 1943లో, మోహన్ బగాన్ క్లబ్బు ఆయనను తీసుకుంది. ఒకపక్క ప్రపంచయుద్ధం, మరోపక్క బెంగాల్ కరువు. అలాంటి రోజుల్లో పగలు శరీరశాస్త్రం చదువుతూ, సాయంత్రం మైదానంలో వేలమంది ముందు ఆడారు. ఆ క్లబ్బుకు కెప్టెన్ కూడా అయ్యారు. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ జీతానికి ఆడే ఆట కాదు. ఆట మీద ప్రేమతో ఆడాల్సిందే.

ఆయన ఆడిన స్థానం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాకులు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫులు, అందరికన్నా ముందు అయిదుగురు ఫార్వర్డులు ఉండేవారు. హాఫులంటే ఇప్పుడు మనం మిడ్‌ఫీల్డర్లు అంటున్నవాళ్ళు. ఆవో ఆడింది ఆ మధ్య వరుసలోనే. ఎదుటివాళ్ళ దాడిని అడ్డుకోవాలి, బంతి లాక్కోవాలి, తనవాళ్ళకు అందించాలి. ఆట మొత్తం పరిగెత్తాలి. గోలు కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, బంతి అందించినవాణ్ణి అంతగా ఎవరూ తలుచుకోరు. మన గ్రౌండులో కూడా అందరూ ముందు ఆడతామనే వాళ్ళే, మధ్యలో నిలబడతామనేవాడు దొరకడు.

1948లో లండన్ ఒలింపిక్స్ జరిగాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఫుట్‌బాల్ జట్టుకు ఆవో కెప్టెన్, ఆయన క్లబ్బు సహచరుడు శైలేన్ మన్నా వైస్ కెప్టెన్. జూలై 29న వెంబ్లీ స్టేడియంలో ప్రారంభోత్సవం జరిగింది. లోకం నలుమూలల నుంచి వచ్చిన దేశాల ముందు మువ్వన్నెల జెండా పట్టుకుని నడిచింది చాంకి గ్రామపు పాస్టరు గారి అబ్బాయే.

జూలై 31న ఇల్ఫోర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్తి కాళ్ళతోనే దిగారు. బూట్లు లేకుండా ఎందుకాడుతున్నారని విలేకరులు అడిగితే, మేం ఆడేది ఫుట్‌బాల్, మీరు ఆడేది బూట్‌బాల్ అని ఆవో నవ్వుతూ జవాబిచ్చారని చెప్పుకుంటారు. మొదట ఫ్రాన్స్ గోలు కొట్టింది. రెండో సగంలో సారంగపాణి రామన్ స్కోరు సమం చేశాడు. మనకు రెండు పెనాల్టీ కిక్కులు వచ్చాయి. రెండూ పోయాయి. ఆట ఇక అయిపోతుందనగా ఫ్రాన్స్ మరో గోలు కొట్టి 2–1తో గెలిచింది. మనవాళ్ళు ఓడిపోయినా, ఉత్తి కాళ్ళతో వాళ్ళు ఆడిన తీరును అక్కడి ప్రేక్షకులు మెచ్చుకున్నారు. ఆ పర్యటనలోనే హాలండ్‌లో అజాక్స్ క్లబ్బును మన జట్టు 5–1తో ఓడించింది.

లండన్‌లో పేరున్న అర్సెనల్ క్లబ్బు ఆవోను తమతో ఉండమందని, ఆయన వద్దన్నారని ఈశాన్య రాష్ట్రాల్లో కథగా చెప్పుకుంటారు. అది ఎలా ఉన్నా, ఆయన చేసింది మాత్రం అందరికీ తెలుసు. తిరిగొచ్చి వైద్య కళాశాలలో చదువు కొనసాగించారు. 1950లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశారు. ఒలింపిక్స్‌లో జెండా మోసిన మనిషి మళ్ళీ పుస్తకాల ముందు కూర్చుని పరీక్షలు రాశారు. ఆయన గోళ్ళ సంఖ్య కన్నా, గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఇది మాకు గొప్పగా తోచింది.

పేరు తెచ్చిపెట్టిన కలకత్తాలోనే ఆయన ఉండిపోవచ్చు. అక్కడ అభిమానులున్నారు, పెద్ద ఆసుపత్రులున్నాయి. కానీ ఆయన కొంతకాలం డిబ్రూగఢ్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేసి, 1953లో కోహిమా వెళ్ళి నాగా ఆసుపత్రిలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరారు. 1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. తర్వాతి కాలంలో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టర్ అయ్యారు. 1978లో రిటైరయ్యారు. తండ్రి ఏ కొండల్లో జ్వరంతో పోయారో, ఆ కొండల ఆరోగ్యం చూసే బాధ్యత కొడుకు చేతికి వచ్చింది. అలా మాట నిలిచింది.

1998 సెప్టెంబరు 13న, ఎనభై ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన చదివిన కాటన్ కాలేజీలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 2018లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు, తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. అయినా మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మాకు కనిపించలేదు. మధ్యలో ఆడేవాళ్ళ సంగతి ఇంతేనేమో!

తమ్ముళ్ళారా, మనమందరం ఒలింపిక్స్‌కు వెళ్ళలేం, అందరం డాక్టర్లం కాలేం. కానీ మనలో ప్రతి ఒక్కరం ఎవరికో ఒకరికి మాట ఇచ్చే ఈ హాస్టల్లో అడుగుపెట్టాం. బస్సెక్కించి కళ్ళు తుడుచుకున్న అమ్మకో, కూలి డబ్బులతో పెట్టె కొనిచ్చిన నాన్నకో ఇచ్చిన మాట అది. సాయంత్రం గ్రౌండులో తనివితీరా ఆడుదాం. బెల్లు కొట్టగానే కాళ్ళు కడుక్కుని పుస్తకం ముందు కూర్చుందాం. చదువు పూర్తయ్యాక మన ఊరిని మరిచిపోకుండా ఉందాం. ఇప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక బంతి, ఒక పుస్తకం తెచ్చి పిల్లల చేతుల్లో పెడితే, ఆవో గారిని మనం సరిగ్గా తలుచుకున్నట్టేనని మేం అనుకుంటున్నాం.